తక్కువ తిన్నవాడిదే టెండరు

తప్పంతా టార్పాలిన్ పట్టాలది. ఆ ఏడు ప్రభుత్వం వారు రైతులకు పంచిన పట్టాలు ఎండకు వేడిగానూ వానకు ధారాళంగానూ పనిచేశాయి. కల్లంలో శనగలు పోసి పైన పట్టా కప్పుకున్న రైతులు, ముసురు వెలిశాక వెళ్లి చూసుకుంటే, శనగలు మొలకలెత్తి పట్టా చిల్లుల్లోంచి తొంగి చూస్తున్నాయి. పేపర్లో ఫోటో కూడా పడింది. విచారణలో తేలిందేమిటంటే, ఆ పట్టాలను ఏ పోటీ లేకుండా, తెలిసిన ఆయన్ని పిలిచి, కాఫీ ఇప్పించి, నామినేషన్ మీద కొన్నారు.

దాంతో ప్రభుత్వానికి కోపం వచ్చింది. మనకు కోపం వస్తే అరుస్తాం. ప్రభుత్వానికి వస్తే సర్క్యులర్ పుడుతుంది.

"ఇకమీదట రైతులకు ప్రభుత్వ వ్యయముతో పంపిణీ చేయు ఏ పదార్థమునైననూ, అది పట్టా గానీ, పార గానీ, పొడి గానీ, ద్రవము గానీ, సజీవము గానీ, నిర్జీవము గానీ, కనీసము ముగ్గురు పోటీదారుల నడుమ పారదర్శకమగు పోటీ నిర్వహించి, అందు అత్యల్ప వ్యయము గలదానినే ఎంపిక చేయవలెను."

ఈ 'సజీవము' అన్న మాట ఎవరు ఇరికించారో తెలియదు. కోడిపిల్లల్ని మనసులో పెట్టుకుని ఉంటారు. కానీ అది వెళ్లి వెళ్లి ప్రకాశం జిల్లా నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక సూక్ష్మజీవుల పరిశోధనా కేంద్రంలో, డాక్టర్ ఇందుమతి నెత్తిన పడింది. వానకు తడిసింది శనగలు, శిక్ష మాత్రం బాక్టీరియాకు పడింది.

ఇందుమతి పనల్లా మట్టిలో ఉండే బాక్టీరియాల మధ్య తగవులు చూడడం. చిటికెడు మట్టిలో కోట్ల బాక్టీరియా ఉంటాయి. అన్నీ ఒకే తిండి కోసం కొట్టుకుంటాయి. ఏది ఎవరిని తొక్కేస్తోంది, ఎవరు ఎవరి పక్కన తట్టుకుని నిలబడుతున్నారు అన్నది కొలవడం ఆమె చదివిన చదువు. కొందరు దీన్ని కూడా ఉద్యోగమంటారా అని నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లకు శనగ చేను లేదు.

ఆ ప్రాంతంలో శనగకు ఎండు తెగులు పట్టుకుంది. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి తల వేలాడేసి ఎండిపోతుంది. వెలిచర్ల అనే ఊళ్లో నాసరమ్మ అనే కౌలు రైతు చేను మొత్తం ఇలాగే పోయింది, ఒక్క ఈశాన్య మూల తప్ప. వాస్తు అని ఊరంతా దండం పెట్టుకుంది. ఇందుమతి మాత్రం ఆ మూల మట్టి తెచ్చి శోధించి, తెగులు బూజును దగ్గరికి రానివ్వని ఒక బాక్టీరియాను పట్టుకుంది. దానికి 'ఈశాన్యం' అని పేరు పెట్టింది.

అయితే దానికో కష్టం ఉంది. అన్ని చేలలోనూ ఇంకో మొండి బాక్టీరియా కాపురముంటోంది. ప్రయోగశాలలో దాని పేరు పన్నెండో నంబరు. దొరికిందల్లా తినడం, పక్కవాళ్లను పస్తు పెట్టడం తప్ప అది చేసే మేలేమీ లేదు. కొత్త చేలో ఈశాన్యం ఈ పన్నెండు పక్కన నిలబడగలదా? అది తేల్చి, బొగ్గుపొడిలో కలిపి పొట్లాలు కట్టి, కార్తీకంలో విత్తనం పడే లోపు రైతులకు అందించాలి. విత్తనం పడ్డాక ఎంత గొప్ప బాక్టీరియా అయినా దండగే. నాసరమ్మ ఈ ఏడూ కౌలుకు ఒప్పుకుంది. ఆవిడ ఒప్పుకున్నది ఇందుమతి మాట మీద.

ఫైలు ఆర్థికాధికారి వరహాలరావు గారి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. ఇందుమతి వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"మీ ప్రయోగం చదివానమ్మా. చాలా ఉన్నతంగా ఉంది. అయితే నిబంధనల దృష్ట్యా మూడు అభ్యంతరాలు" అన్నారాయన, కళ్లజోడు పెట్టుకుంటూ. "మొదటిది. ఇక్కడ ఈశాన్యాన్ని ఒక సీసాలో ఒంటరిగా పెంచుతాం అన్నారు. పన్నెండునూ ఇంకో సీసాలో ఒంటరిగా పెంచుతాం అన్నారు. ఎందుకు?"

"ఒంటరిగా ఎంత పెరుగుతుందో తెలిస్తేనే కదండీ, పక్కన ఇంకోటి ఉన్నప్పుడు ఎంత తగ్గిందో తెలిసేది. ఆ తేడాయే పోటీకి కొలత."

"ఒంటరిగా అంటే సింగిల్ టెండరు. పట్టాల కేసులో జరిగిన పాపం అదే. కుదరదు."

"సరే, రెండోది?"

"రెండూ కలిపి ఒకే సీసాలో వేస్తామన్నారు. ఇది ఇంకా ఘోరం. పోటీదారులు ఒకరినొకరు కలుసుకోరాదు. సీల్డు కవర్లలో వేర్వేరుగా రావాలి."

"కలుసుకోకపోతే పోటీ ఎట్లా జరుగుతుంది సార్?"

వరహాలరావు గారు జాలిపడ్డారు. "కలుసుకుంటే అది పోటీ ఎట్లవుతుందమ్మా? రింగవుతుంది. ఇద్దరూ లోపల మాట్లాడుకుని ఒక రేటుకు వచ్చేస్తే? మీరు సీసా బయట ఉంటారు. మీకేం తెలుస్తుంది?"

బాక్టీరియా అవినీతి చేయదని చెబుదామనుకుని ఇందుమతి ఆగిపోయింది. చెబితే, దానికి ధ్రువపత్రం ఏది అంటారు.

"మూడోది, పోటీదారులు ఇద్దరే ఉన్నారు. కనీసం ముగ్గురు ఉండాలి. ఇక రేటు సంగతి. వీటికి ధర లేదన్నారు. లేకపోతే ఎట్లా? ఏం తింటాయివి?"

"పంచదార సార్. నీళ్లలో కలిపి పోస్తాం."

"అదుగో. అదే వాళ్ల వ్యయం. ఎవరి సీసాలో పంచదార తక్కువ ఖర్చయితే వాళ్లు ఎల్-వన్. అందరికంటే తక్కువకు పాడినవాడు. వాడికే ఇచ్చేద్దాం. శుభస్య శీఘ్రం."

"సార్, ఎక్కువ పెరగాలంటే తినాలి కదండీ. తిననిది ఏం పనిచేస్తుంది?"

"ఈ మాట ప్రతి కాంట్రాక్టరూ అంటాడమ్మా" అన్నారు వరహాలరావు గారు, ఫైలు మూస్తూ.

ఇందుమతికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే కార్తీకం ఆగదు. డైరెక్టర్ త్రివిక్రమరావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఒకప్పుడు మట్టి మీద మంచి పరిశోధన చేసినవాడే. కుర్చీ ఎక్కాక మట్టి అంటకుండా బతుకుతున్నాడు. ఆయన అంతా విని, "నీ బాధ శాస్త్రీయంగా సమంజసమే. కానీ ఆడిట్ వాళ్లు శాస్త్రవేత్తలు కారు" అని, ఫోను మోగకపోయినా ఎత్తుకున్నారు.

దారి చూపింది స్టోర్స్ సూపరింటెండెంట్ మస్తాన్‌వలి. పాతికేళ్లుగా ఆ కేంద్రంలో సీసా నుంచి సున్నం బస్తా దాకా కొని పెట్టిన మనిషి.

"మేడమ్ గారూ, దీనికింత దిగులెందుకండీ? ముగ్గురు కావాలన్నారు, ఇద్దరున్నారు. సపోర్టు టెండరు వేయిద్దాం."

"అంటే?"

"మీకు తెలవదా? మా దగ్గర గోడకు సున్నం వేయించాలన్నా ఇంతే. పని చేసేది ఒకడు. వాడే ఇంకో ఇద్దరి పేరుతో కవర్లు పెట్టిస్తాడు. ఆ ఇద్దరూ గెలిచేందుకు రారు, లెక్క నిండేందుకొస్తారు. మీ దగ్గర ఇంకో సీసా ఏదన్నా ఉందా?"

ఉంది. ప్రతి ప్రయోగంలోనూ ఉంటుంది. పంచదార నీళ్లు పోసి, ఏ బాక్టీరియా వేయకుండా మూత బిగించిన సీసా. బయటి క్రిమి ఏదన్నా దూరి ప్రయోగాన్ని పాడు చేసిందేమో చూసుకోవడానికి పక్కన పెడతారు. దాని మీద ఇందుమతి ఎప్పుడూ 'ఖాళీ' అని రాస్తుంది.

"బ్రహ్మాండం" అన్నాడు మస్తాన్‌వలి. "మెస్సర్స్ ఖాళీ. దాన్నే మూడోవాడిగా పెట్టేయండి."

ఇక్కడే ఇందుమతి ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉండాల్సింది. అంత చదువుకున్న మనిషి. కానీ కిటికీలోంచి చూస్తే ఆకాశంలో మబ్బులు ఉత్తరం నుంచి దిగుతున్నాయి. ఒకటి రెండు వానలు పడితే అందరూ విత్తనం వేసేస్తారు. ముందు ఈ తంతు గడిచిపోతే చాలు, ఈశాన్యం పొట్లాలు ఎట్లాగో కట్టుకోవచ్చు అనుకుంది. సంతకం పెట్టేసింది.

మూడు సీసాలూ మూతల మీద లక్క ముద్రలతో, కమిటీ హాల్లో పచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద కొలువు తీరాయి. ముందు సాంకేతిక అర్హతలు చూశారు. పోటీదారు గతంలో ఎక్కడైనా నల్లజాబితాలో పడ్డాడా? పన్నెండో నంబరు మీద ఫిర్యాదులున్నాయని ఇందుమతి చెప్పబోయింది గానీ, రాతపూర్వకంగా లేవు. పోటీదారు మీద వ్యాధి కలిగించిన ఆరోపణలు ఉన్నాయా? ముగ్గురి మీదా లేవు. పోటీదారు స్థానికుడా? ఈశాన్యం స్వస్థలం వెలిచర్ల. పన్నెండు అన్ని ఊళ్లలోనూ ఉంది కనుక ఏ ఊరిదీ కాదని తేలింది. ఖాళీ ఎక్కడ పుట్టిందని అడిగారు. "మన ల్యాబులోనే సార్" అన్నాడు మస్తాన్‌వలి. కమిటీ సంతోషించింది. సొంత సంస్థకు ప్రాధాన్యత ఇవ్వాలని వేరే సర్క్యులర్ ఉందట.

కొన్ని రోజులు ఆగి, అందరి ఎదుటా ముద్రలు పగలగొట్టి పంచదార కొలిచారు. పన్నెండో నంబరు సీసాలో చుక్క తీపి మిగల్లేదు. ఈశాన్యం సీసాలో సగానికి సగం పోయింది. కష్టపడే ప్రాణి, ఆ మాత్రం తినకపోతే ఎట్లా? మూడో సీసాలో పోసిన పంచదార పోసినట్టే ఉంది.

వరహాలరావు గారు లెక్క మరోసారి చూశారు. లేచి నిలబడ్డారు. ఆయన గొంతు కాస్త వణికింది. "డైరెక్టర్ గారూ, నా సర్వీసులో ఇట్లాంటి ఎల్-వన్‌ను చూడలేదండి. వ్యయం శూన్యం."

హాల్లో చప్పట్లు మోగాయి. ఇందుమతి మస్తాన్‌వలి వైపు చూసింది. మస్తాన్‌వలి సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు. సపోర్టు టెండరు గెలవడమన్నది కాంట్రాక్టర్లకు పీడకలల్లో మాత్రమే వస్తుంది.

ఆమె డైరెక్టర్ గదికి పరుగెత్తింది. "సార్, అందులో ఏమీ లేదు. అది వట్టి సీసా."

త్రివిక్రమరావు గారికి ఆ సంగతి తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఆయనే అలాంటి సీసాలు వందలు పెట్టాడు. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, ఏమీ లేదన్న విషయం సాంకేతిక అర్హతల దశలో చెప్పాలి. ఆ దశ గడిచింది. ఇప్పుడు చెబితే ఓడిపోయిన పార్టీ తరఫున మాట్లాడినట్టుంటుంది."

"సార్!"

"పైగా పోటీలో దాన్ని నిలబెట్టింది నువ్వే. వట్టి సీసా అని రాసిచ్చావనుకో, దొంగ టెండరు పెట్టించినట్టు ఒప్పుకున్నట్టే. నీ ఉద్యోగం పోతుంది. నాకూ పింఛను దగ్గర పడింది." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా చూడు, ఖాళీ వల్ల నష్టం ఏముంది చెప్పు. ఎవరికీ హాని చేయదు కదా."

నిజమే. పట్టాలు కూడా ఎవరికీ హాని చేయలేదు. వాన చేసింది.

ఆ తరవాత పనులు పెళ్లిపనుల్లా సాగిపోయాయి. ఖాళీకి మూడేళ్ల రేటు కాంట్రాక్టు ఇచ్చారు. నాణ్యతా పరీక్ష చేస్తే, ఇంత స్వచ్ఛమైన కల్చరు, అంటే సీసాలో పెంచిన బాక్టీరియా, దేశంలో ఎక్కడా లేదని తేలింది. ఏ ఇతర క్రిమీ మచ్చుకైనా కనపడలేదు. ఎండలో పెట్టారు, చావలేదు. మంచులో పెట్టారు, చావలేదు. నిల్వ కాలం అన్న చోట 'నిరవధికము' అని రాశారు. బొగ్గుపొడిని ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, అందులో ఖాళీని నిబంధనల ప్రకారం కలిపి పొట్లాలు కట్టించారు. కలపడానికి ఇద్దరు మనుషుల్ని కూడా వేశారు. వాళ్లు శ్రద్ధగా కలిపారు. గేటు ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో డైరెక్టర్ గారు, వరహాలరావు గారు నమస్కారం పెడుతుంటే మధ్యలో ఒక వెలుగుతున్న సీసా ఉంది.

పంపిణీ కిటికీ దగ్గరికి నాసరమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, చేతిలో గుడ్డ సంచీతో. కిటికీ లోపల వరహాలరావు గారే కూర్చున్నారు. పారదర్శకత మరొకరికి అప్పగించే పని కాదు కదా.

"అయ్యా, శనగల ఎండు తెగులుకు పొట్లాం ఇస్తన్నారంట గదా. మా చేను మట్టిలోంచే తీశారంట. డాక్టరమ్మ చెప్పింది."

"ఒక్కరే వచ్చారా?"

"ఇంకెవురొస్తారయ్యా, నేనే."

"ఒంటరి దరఖాస్తులు తీసుకోము. కనీసం ముగ్గురు రావాలి. ముగ్గురిలో ఎవరు తక్కువ అడిగితే వాళ్లకిస్తాం."

నాసరమ్మ ఆయన వంక కాసేపు చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది. కాదని తెలిశాక, వెలిచర్లకు పోయి తోటికోడల్నీ పక్కింటి అమ్మాయినీ వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చింది. తోటికోడలు మూడు పొట్లాలు అడిగింది. పక్కింటమ్మాయి రెండు అడిగింది. నాసరమ్మ ఒకటి అడిగి గెలిచింది. ఊరికంతటికీ రావలసిన పొట్లాలు రెండు రోజుల్లో లారీలో వస్తాయని కూడా చెప్పారు.

వెళ్తూ వెళ్తూ ఇందుమతి గదిలోకి తొంగి చూసింది. పొట్లాం గుండెలకు హత్తుకుని ఉంది. "అమ్మా, సాధించినా. ఇంకేం బయం లేదులే. పోయినేడు మొక్కలు ఎండతా ఉంటే నేను చేలో కూచుని ఏడ్చినా. ఈ ఏడు ఏడవను. నువ్వుండావు గదా."

ఆ మాటకు ఇందుమతికి తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆవిడ నమ్మకంతో హత్తుకున్నది ఉడికించిన బొగ్గుపొడి. దాంట్లో ఏమీ లేదని ఈ కేంద్రంలో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. విప్పనివాళ్లలో తనూ ఒకతి.

"ఆ పొట్లాం ఒకసారి ఇవ్వమ్మా, ముద్ర సరిగా పడలేదు. మీ ఊరి లారీలో నేనే పంపిస్తా" అంది.

నాసరమ్మ సందేహించకుండా ఇచ్చేసింది. అదే ఇందుమతిని ఇంకా బాధపెట్టింది.

ఆమె దగ్గర ఈశాన్యం కల్చరు ఒక్క ఊరికి సరిపడా ఉంది. మర్నాడు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు లేచిన వేళ, ఆమె డబ్బా పట్టుకుని స్టోరుకు వెళ్లింది. వెలిచర్ల పొట్లాలు ఒక పక్క పేర్చి ఉన్నాయి. మస్తాన్‌వలి డబ్బా చూశాడు, ఆమె మొహం చూశాడు.

"నేనేం చూళ్లేదు మేడమ్ గారూ" అంటూ, పొట్లాం మూతి విప్పి పట్టుకున్నాడు. "కాస్త ఇటు పోయండి. పొంగుతోంది."

శనగ వేశారు. వానలు సమయానికి కురిసి సమయానికి ఆగాయి. మొక్క మోకాలెత్తుకు రాకముందే చుట్టుపక్కల ఊళ్లలో తెగులు దిగింది. ఖాళీ పొట్లాలు విత్తనానికి పట్టించిన చేలన్నీ తలలు వేలాడేశాయి. ఒక్క వెలిచర్లలో మాత్రం చేలు పచ్చగా నిలబడి, పూత పట్టి, కాయ కట్టాయి.

తక్కిన ఊళ్ల సంగతి వదిలేసి, త్రివిక్రమరావు గారు, వరహాలరావు గారు కారేసుకుని వెలిచర్ల వెళ్లారు. చేలో నిలబడి ఫోటోలు దిగారు. "ఖాళీ అద్భుత విజయం" అని నివేదిక తయారైంది. తక్కిన ఊళ్లలో ఎందుకు విఫలమైందన్న చోట 'రైతులలో అవగాహనా లోపము' అని రాశారు. విజయానికి సాక్ష్యంగా వెలిచర్ల వాళ్ల దగ్గర మిగిలిన పొట్లాలు సేకరించి, అవార్డు కోసం రాజధాని ప్రయోగశాలకు పంపారు.

అక్కడ పనిచేసేవాళ్లు చాదస్తులు. పొట్లాం విప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. చూసి, ఉలిక్కిపడి, రహస్య లేఖ రాశారు. బాక్టీరియా పొట్లాల్లో బాక్టీరియా ఉంది!

కల్తీ కేసు నమోదైంది. విచారణ వరహాలరావు గారే, అదే పచ్చ గుడ్డ బల్ల ముందు కూర్చుని చేశారు. నేర తీవ్రత దృష్ట్యా ఆయన ఆ రోజు కోటు వేసుకొచ్చారు.

"డాక్టర్ ఇందుమతి గారూ. నిబంధనల మేరకు ఎంపికై, స్వచ్ఛతా ధ్రువపత్రము పొందియున్న ఖాళీ అను కల్చరు నందు, మీరు అన్యమైన, పోటీలో పరాజయము పాలైన, ఎల్-టూ స్థానము నందున్న జీవిని కలిపినారా, లేదా?"

"కలిపాను."

"దేని నిమిత్తము?"

"తెగులు ఆగడానికి."

"ఆగినదా?"

"మీరు ఫోటో దిగారు కదండీ అక్కడ."

వరహాలరావు గారు రాసుకునేవాడి వైపు తిరిగి, "చివరి వాక్యం రాయకండి" అన్నారు. తరవాత ఆయన గొంతు మామూలు మనిషి గొంతయింది. "ఏమ్మా, ఇంత చదువుకున్నావు. రూలు రూలే అని తెలియదూ? పంట పండిందా లేదా అన్నది వ్యవసాయ శాఖ చూసుకుంటుంది. మనం చూడాల్సింది ప్రక్రియ."

"ఆ పొట్లాలు పట్టించిన తక్కిన చేలన్నీ ఎండిపోయాయి సార్. వాళ్లేం తింటారు?" అంది ఇందుమతి. ఆమెకు అరవాలనుంది, ఆ పచ్చ గుడ్డ లాగి పారేయాలనుంది. రెండూ చేయలేదు. "వాళ్లు తక్కువ తింటే వాళ్లు కూడా ఎల్-వన్ అవుతారా?"

అది కూడా రాయకండి అన్నారు వరహాలరావు గారు.

తీర్పు వచ్చింది. ఈశాన్యాన్ని శాశ్వతంగా నల్లజాబితాలో పెట్టారు. కేంద్రంలో ఉన్న దాని కల్చర్లన్నిటినీ సాక్షుల సమక్షంలో ఆవిరి యంత్రంలో ఉడికించి, పంచనామా రాసి, సంతకాలు చేశారు. మస్తాన్‌వలి ఆ రోజు సెలవు పెట్టాడు. ఇందుమతిని ఉద్యోగంలోంచి తీయలేదు, ప్రభుత్వం దయగలది. జిల్లా గిడ్డంగికి బదిలీ చేసి, కొత్తగా పోటీ పద్ధతిలో కొన్న టార్పాలిన్ పట్టాల నాణ్యత చూసే పని ఇచ్చారు. ఆమె రోజూ పట్టాను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసేది. ఎత్తి పట్టుకోకపోయినా వెలుగు కనపడేది.

మళ్లీ కార్తీకం ముందు, ఒక ఆదివారం, ఆమె మనసు ఉండబట్టలేక వెలిచర్ల వెళ్లింది. మూల మట్టి ఇంకోసారి అడిగి తెచ్చుకుందామని, గుప్పెడంత సంచీ ఒకటి పట్టుకుపోయింది. ఈశాన్యం ఇంకా బతికి ఉందా, పన్నెండు దాన్ని మింగేసిందా అన్నది ఆమెకు ఏడాదిగా గుండెలో ముల్లులా ఉంది.

నాసరమ్మ చేలో జనం ఉన్నారు. పక్క ఊళ్ల వాళ్లు తట్టలు పట్టుకుని నిలబడ్డారు. పోయినేడు తమ చేలు ఎండిపోయినవాళ్లే అందరూ. ఆవిడ పార పుచ్చుకుని తట్టకింత మట్టి ఎత్తిపోస్తోంది. ఇందుమతిని చూసి పార పడేసి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, వచ్చినావా! నీ మందు కాల్చేశారంట గదా పాపిష్టోళ్లు. కాల్చుకోనీలే. ఇప్పుడు మూలొక్కటే కాదు, చేను చేనంతా అదే. ఈ మట్టి తీసకపోయి ఇత్తనానికి పట్టిస్తన్నారు అందరూ." ఆమె చేతిలోని సంచీ లాక్కుని నిండా మట్టి కుక్కి ఇచ్చింది. "నిన్ను అడిగేదేముంది, నీదే గదా ఇది."

ఇందుమతికి కళ్లు చెమర్చాయి. ఏడాది పొడుగునా ఆ నేలలో, ఏ టెండరూ పిలవకుండా, ఈశాన్యం పన్నెండు పక్కనే తిని, తట్టుకుని, చేనంతా పాకింది. ఆమె కొలవాలనుకున్నది ఇదే.

ఇంతలో గట్టు మీద ఒక కారు ఆగింది. దిగింది వరహాలరావు గారు. వెంట బావమరిదీ, డ్రైవరూ ఉన్నారు. డ్రైవరు చేతిలో కొత్త తట్ట ఉంది. ఇందుమతిని చూసి ఆయన కాస్త తడబడ్డారు.

"అదీ... మా బావమరిది ఈ ఏడు శనగ వేస్తున్నాడమ్మా. పోయినేడు ఖాళీ పొట్లాలే వాడాడు పాపం." అని, నాసరమ్మ వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నారు. "ఆ కల్తీది ఏమన్నా ఉంటే, ఒక తట్టెడు..."

నాసరమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని, పార మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"ఒంటరి దరకాస్తులు తీసుకోమయ్యా."

వరహాలరావు గారు నవ్వబోయి, ఆవిడ నవ్వడం లేదని చూసి మానుకున్నారు. వెనక్కి తిరిగి చూసుకున్నారు. ముగ్గురున్నారు. అనుభవం ఉన్న మనిషి కదా, వెంటనే తేరుకున్నారు. బావమరిది చెవిలో 'నువ్వు రెండు అడుగు' అన్నారు, డ్రైవరు చెవిలో 'నువ్వు మూడు అడుగు' అన్నారు.

"నాకు రెండు తట్టలు" అన్నాడు బావమరిది.

"నాకు ఒక్కటే చాలు" అన్నారు వరహాలరావు గారు.

డ్రైవరుకు ఈ వ్యవహారం ఏమీ అర్థం కాలేదు. అందరూ తన వైపే చూస్తుంటే వాడికి మొహమాటం ముంచుకొచ్చింది. "నాకు చేనే లేదమ్మా. నాకేం వొద్దు" అన్నాడు.

"ఇదుగో, ఇతనే తక్కువ అడిగాడు" అంది నాసరమ్మ. "ఇతనికే ఇచ్చేశా. ఇంక మీరు పోయి రండి."

తట్టలు పట్టుకున్న జనం పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నారు. వరహాలరావు గారు ఇందుమతి వైపు చూశారు. అభ్యంతరం ఏమన్నా చెబుతుందేమోనని ఆశపడ్డట్టున్నారు. ఇందుమతి చాలా సేపు ఆలోచించింది.

"సార్, ప్రక్రియలో నాకైతే లోపం కనపడలేదు" అంది.

ఆయన కారెక్కారు. డ్రైవరు ఖాళీ తట్టను డిక్కీలో పెట్టి, బండి వెనక్కి తిప్పాడు. ఇందుమతి సంచీ మూతి ముడేసుకుని, తట్టలు పట్టుకున్నవాళ్ల వరసలో నాసరమ్మకు సాయంగా ఇంకో పార అందుకుంది.